మొండి పసివాళ్ల పెంపకం: ఒంటిమిట్ట ప్రాంతం

ఏడాదిన్నర మొదలు నాలుగేళ్ల లోపు పిల్లల్లో కొందరు అడిగింది చేతికి వచ్చేదాకా పట్టు వదలరు. వద్దన్న పనికే మళ్లీ మళ్లీ పోతారు. కోపం వస్తే నేలమీద పడి దొర్లుతారు, ఊరడించబోతే చేతులు విదిలించుకుంటారు. ఇంట్లోవాళ్లు విసుగులో ఉంటే వీళ్లను జగమొండోళ్లంటారు, మురిపెంలో ఉంటే పంతం గల బిడ్డలంటారు. ఇలాంటి పిల్లల్ని కొట్టకుండా, బెదిరించకుండా, అయినా అన్న మాట మీద నిలబడి పెంచడం ఎలాగన్న దానిమీద గత అరవై ఏళ్లలో విస్తారంగా పరిశోధన జరిగింది. అందులో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపా పట్టణాల్లోని చిన్న కుటుంబాలను చూసి రాసినది. కడప నుంచి రాజంపేట మీదుగా తిరుపతికి పోయే దారిలో ఉన్న ఒంటిమిట్ట లాంటి ఊళ్లో బిడ్డను పెంచేది తల్లి ఒక్కతే కాదు. జేజి, అబ్బ, అవ్వ, తాత, పిన్నమ్మ, మేనత్త, పక్కింటివాళ్లు, అంగన్‌వాడీ టీచరు, ఆయా, ఇంతమంది చేతుల మీదుగా బిడ్డ పెరుగుతుంది. కాబట్టి పుస్తకాల్లోని సలహాను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే సగమే పనికొస్తుంది. సౌమ్యత, నిలకడ అనే రెండింటిలో మన ఇళ్లకు కరువైనది రెండోది. దాన్ని తల్లి ఓర్పుకు పెట్టే పరీక్షగా చూసినంతకాలం అది కుదరదు. ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే ఒప్పందంగా చూస్తే కుదురుతుంది. ఈ వ్యాసం వాదన ఇదే.

పుట్టుకతో వచ్చినదెంత

పిల్లలందరూ ఒకే స్వభావంతో పుట్టరని తల్లులకు ఎప్పుడూ తెలుసు. దాన్ని ఏళ్ల తరబడి పరిశీలించి చూపినవాళ్లు అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మనోవైద్య దంపతులు. 1956లో న్యూయార్క్‌లో మొదలుపెట్టి 133 మందిని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. నిద్ర, ఆకలి వేళకు వస్తాయా, కొత్త మనిషిని చూస్తే బిడ్డ దగ్గరికి వస్తుందా వెనక్కి జంకుతుందా, ఏడిస్తే ఎంత గట్టిగా ఏడుస్తుంది, పట్టిన పనిని ఎంతసేపు వదలదు వంటి తొమ్మిది లక్షణాలను వాళ్లు కొలతగా తీసుకున్నారు. నూటికి 40 మంది పెంచడానికి సులువైన పిల్లలు, 15 మంది నెమ్మదిగా కుదురుకునేవాళ్లు, 10 మంది కష్టమైన పిల్లలు అని తేలింది. మిగిలినవాళ్లు ఏ కోవకూ స్పష్టంగా చెందలేదు. ఆ పది మందిలో ఒకరే మనం మొండివాడనే బిడ్డ. ఆ గుణం పెంపకంలో లోపం వల్ల మొదలైనది కాదు. నెలల పసికందుగా ఉన్నప్పుడే దాని జాడ కనిపిస్తుంది. మొదటి బిడ్డ మెత్తగా, రెండో బిడ్డ మొండిగా ఉంటే ఆ తల్లి ఈ మధ్యలో పెంచడం మరిచిపోయిందని కాదు కదా.

అయితే థామస్, చెస్‌లు అక్కడితో ఆగలేదు. బిడ్డ స్వభావానికీ ఇంటి తీరుకూ పొంతన కుదిరిందా లేదా అన్నదే ఆ బిడ్డ ముందుముందు ఎలా ఉంటాడో ఎక్కువగా తేల్చిందని వాళ్లు చూశారు. న్యూయార్క్‌లోనే ప్యూర్టోరికో నుంచి వచ్చి స్థిరపడిన శ్రామిక కుటుంబాలనూ వాళ్లు పరిశీలించారు. ఆ ఇళ్లలో పిల్లలు ఇన్ని గంటలకే పడుకోవాలనే నియమం లేదు, అందుకే నిద్ర వేళ తప్పే పిల్లలు అక్కడ ఎవరికీ సమస్యగా కనబడలేదు. బడికి పోయే వయసు వచ్చాకే చిక్కు మొదలైంది. ఎండాకాలం రాత్రి మిద్దెల మీదా వాకిళ్లలోనూ పెద్దలతో పాటు పిల్లలు కూడా మెలకువగా ఉండే కడప సీమకు ఇది దగ్గరి సంగతి. ఇక్కడ చాలా ఇళ్లలో నిద్రవేళ గొడవకు కారణమే కాదు. ఎత్తుకోమని మారాం చేసినా గొడవ లేదు, ఎత్తుకునే చేతులు కావలసినన్ని ఉన్నాయి. గొడవంతా అంగడి దగ్గర చాక్లెట్టు, చేతిలో సెల్‌ఫోను, తిండి దగ్గర పేచీ, పెద్దవాళ్లను కొట్టడం, ఈ నాలుగింటి చుట్టూ తిరుగుతుంది. పరాయి పుస్తకంలోని సమస్యల పట్టికను అట్లాగే తెచ్చుకుంటే లేని తగాదాలను ఇంట్లోకి పిలుచుకోవడమే అవుతుంది.

మొండితనం ఎప్పుడూ చెరుపే చేస్తుందనడానికీ లేదు. కెన్యా మసాయి తెగ పిల్లలను గమనించిన డివ్రీస్ అనే వైద్యుడు 1984లో ఒక చిన్న పరిశీలన ప్రచురించాడు. 1970ల కరువులో, సులువైన పిల్లలుగా లెక్కకు వచ్చి ఆచూకీ దొరికిన ఏడుగురిలో ఐదుగురు చనిపోగా, కష్టమైన పిల్లలు ఆరుగురిలో ఒక్కరే చనిపోయారు. ఏడ్చి గోల చేసిన బిడ్డకు పాలు ముందు అందాయన్నది ఆయన ఊహ. పదమూడు మందిని బట్టి సిద్ధాంతం కట్టలేం. అయినా కరువు సీమ చదువరి ఈ లెక్క దగ్గర ఒక క్షణం ఆగుతాడు.

ఏడుపుకు ఫలం దొరికే చోట

పుట్టుకతో వచ్చినది పునాది అయితే, దాని మీద మొండితనం అంతస్తులు ఎలా లేస్తాయో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జెరాల్డ్ పాటర్సన్ ఇళ్లలో కూర్చుని నిమిషం నిమిషం రాసుకుని 1982లో ఒక పుస్తకంగా వెలువరించాడు. బిడ్డ అడుగుతుంది, తల్లి కాదంటుంది. బిడ్డ గొంతు పెంచుతుంది, తల్లి కసురుతుంది. బిడ్డ నేలకు పడుతుంది, తల్లి విసిగి ఇచ్చేస్తుంది, ఏడుపు ఆగుతుంది. ఆ క్షణంలో ఇద్దరికీ లాభమే. బిడ్డకు అడిగింది దొరికింది, తల్లికి నిశ్శబ్దం దొరికింది. కాబట్టి రేపు ఇద్దరూ ఇదే చేస్తారు, కాకపోతే రేపు నేలకు పడడం కొంచెం ముందుగా వస్తుంది. పాటర్సన్ చెప్పిన దానిలో బలం ఎక్కడుందంటే, అందులో దుర్మార్గుడు లేడు. బిడ్డ దొంగ ఏడుపు ఏడవడం లేదు, తల్లి బలహీనురాలూ కాదు. ఇద్దరూ ఆ పూటకు పనికొచ్చిన దాన్నే నేర్చుకుంటున్నారు.

ఏడ్చిన ప్రతిసారీ ఇచ్చే ఇల్లు, ఎప్పుడూ ఇవ్వని ఇల్లు, ఒకసారి ఇచ్చి ఒకసారి ఇవ్వని ఇల్లు, ఈ మూడింటిలో గట్టి మొండితనం మూడో ఇంట్లోనే తయారవుతుంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్‌లు 1957లో ప్రచురించిన ప్రయోగాల్లో ఎప్పుడు దొరుకుతుందో తెలియని గింజ కోసం పావురాలు అలసిపోకుండా మీట పొడుస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ దొరికి ఆగిపోయిన గింజను మాత్రం త్వరగా వదిలేశాయి. పావురాల దాకా పోనక్కరలేదు. ఒక్క బోరులో నీళ్లు పడిన రైతు, ఆ తర్వాత నాలుగు బోర్లు ఎండిపోయినా ఐదోదానికి అప్పు తెస్తాడు. తల్లి వద్దన్నది జేజి ఇచ్చే ఇంట్లో, పొద్దున వద్దన్నది సాయంత్రం చుట్టాల ముందు పరువు కోసం ఇచ్చే ఇంట్లో బిడ్డ లెక్క కూడా అంతే. ఇంకొంచెం ఏడిస్తే దొరకొచ్చు.

ఇక్కడే ఒంటిమిట్ట, రాజంపేట, రాయచోటి ప్రాంతపు ప్రత్యేక పరిస్థితి ముందుకు వస్తుంది. ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్‌కు పనికి పోయేవాళ్లలో ఇళ్లలో పని చేయడానికి పోయే ఆడవాళ్లు చాలామంది. వాళ్ల పిల్లలు అవ్వ దగ్గరో జేజి దగ్గరో పెరుగుతారు. వీడియో కాల్‌లో కనబడే అమ్మ, సెలవుకు వచ్చినప్పుడు పెట్టె నిండా చాక్లెట్లు, బొమ్మలు తెచ్చే నాయన, మోకాళ్ల నొప్పులతో బిడ్డ వెంట పరుగెత్తలేక ఫోను చేతిలో పెట్టే అవ్వ. ఎవరి ప్రేమా తక్కువ కాదు, కానీ మూడు చోట్ల మూడు నియమాలు. దూరంగా ఉన్న తల్లి బాధను వస్తువుల్లో చెల్లిస్తుంది, దగ్గరున్న అవ్వ బిడ్డ ఏడిస్తే తనకే మాట వస్తుందని భయపడుతుంది. నలుగురి నోట ‘ఇయ్యి పాపం, ఏడుస్తాండాడు’ అన్న మాట వస్తే చాలు, అవ్వ పట్టు సడలుతుంది. ఫోను విషయంలో మాత్రం నియమం గీయడం సులువు. రెండేళ్ల లోపు పిల్లలకు చుట్టాలతో అప్పుడప్పుడు మాట్లాడే వీడియో కాల్ తప్ప తెర వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం చెప్పింది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కువైట్‌లోని అమ్మ ముఖం చూడటం, అన్నం తినిపించడానికి పెట్టే కార్టూన్ ఒకటి కాదు. ఆ తేడా పెద్దలు పాటిస్తే బిడ్డ కూడా పట్టుకుంటాడు.

ముసలివాళ్ల గారాబమే పిల్లల్ని చెడగొడుతోందని తీర్పు చెప్పడానికి ఇది చాలదు. గారాబం వేరు, నియమం మధ్యలో విరవడం వేరు. చంకనెత్తుకోవడం, కథలు చెప్పడం, గోరుముద్దలు పెట్టడం, ఏడిస్తే దగ్గరికి తీసుకోవడం ఏ బిడ్డనూ మొండిని చేయవు. పైగా మనుషుల్ని బట్టి నియమాలు మారుతాయని పిల్లలు చాలా త్వరగా నేర్చుకుంటారు. అవ్వగారింట్లో రెండు బెల్లం ముక్కలు దొరుకుతాయి, ఇంట్లో ఒకటే అన్న తేడా, ఎవరికి వారు నిలకడగా ఉన్నంతవరకు, బిడ్డకు గందరగోళం కాదు. చెరుపు చేసేది ఒకే పూట, ఒకే గదిలో, తల్లి కాదన్న దాన్ని ఏడుపు మధ్యలో జేజి ఇచ్చేయడం. కాబట్టి ఇంటిల్లిపాదీ వంద విషయాల మీద ఒప్పందం చేసుకోనక్కరలేదు. కొట్టకూడదు, పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ పోకూడదు, అన్నం వేళ ఫోను లేదు అన్నట్టు మూడు నాలుగు మాటలు చాలు. మిగతావన్నీ వదిలేయొచ్చు. ఆ నాలుగింటి విషయంలో మాత్రం ఒకరు అన్నాక మరొకరు ఏడుపు మధ్యలో మార్చకూడదు. ఆ మాట తప్పనిపిస్తే బిడ్డ నిద్రపోయాక పెద్దవాళ్లు తేల్చుకోవాలి. అత్తాకోడళ్ల పెత్తనాల లెక్కలు నడిచే ఇంట్లో ఇది చెప్పినంత తేలిక కాదు. అయినా బిడ్డను మార్చడం కన్నా ఇదే తేలిక.

దెబ్బ గురించి

మొక్కై వంగనిది మానై వంగునా అన్నది ఇక్కడ మొదటి అభ్యంతరం. చెప్పుదెబ్బలు తిని పెరిగాం, ఏమైంది మాకు అన్నది రెండోది. రెండూ తీసిపారేయదగినవి కావు. దెబ్బ ఆ క్షణానికి పని చేస్తుంది, అందుకే చేయి లేస్తుంది. ఎంత ఎక్కువగా లేస్తుందో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురయ్యామన్నారు. కుటుంబంలో దెబ్బలు తిన్నవాళ్లలో నూటికి 88.6 మందిని కొట్టింది తల్లిదండ్రులే. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపిన యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల వెంట నడిచింది. అది ఎంచుకున్న జిల్లాల్లో కడప ఒకటి. ఎనిమిదేళ్ల పిల్లల్లో పది మందికి తొమ్మిది మంది అంతకుముందు వారంలో టీచరు ఎవరినో కొట్టడం చూశామని చెప్పారు. పాఠశాలల్లో దెబ్బను మన రాష్ట్రం 2002లోనే నిషేధించింది, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేశమంతటా నిషేధించింది. ఇంటి గడప లోపల ఇలాంటి స్పష్టమైన నిషేధం మన దేశంలో లేదు. స్వీడన్ దాన్ని 1979లోనే తెచ్చింది.

దెబ్బ వల్ల మొండితనం తగ్గుతుందా అంటే ఆధారాలు ఒకే వైపు మొగ్గుతున్నాయి. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్‌లు 2016లో 75 అధ్యయనాలను, సుమారు 1,61,000 మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. పిర్రల మీద చరచడం అనే మామూలు దెబ్బ కూడా ఎక్కువ దుడుకుతనంతో, ఎక్కువ మానసిక ఇబ్బందితో ముడిపడి కనిపించింది. మేలుతో ముడిపడినట్టు ఎక్కడా తేలలేదు. దీనికి తెలివైన అభ్యంతరం ఒకటుంది. మొండి పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారు కాబట్టి ఈ లెక్కలో ముందు వెనకలు తారుమారు కావొచ్చు. దానికి జవాబు కావాలంటే ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి చూడాలి. లిసా బెర్లిన్ బృందం అమెరికాలో 2,500కు పైగా పేద కుటుంబాలను పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా గమనించి 2009లో ఫలితాలు ప్రచురించింది. ఏడాది వయసులో దెబ్బలు తిన్న పిల్లలు రెండేళ్లకు మరింత దుడుకుగా ఉన్నారు. కానీ మొదట్లోని దుడుకుతనం తర్వాతి దెబ్బలకు దారి తీసినట్టు కనబడలేదు. ఏడాదికే చిరాకు పడే, ఏడ్చే పిల్లలకు మాత్రం దెబ్బలు ఎక్కువ పడ్డాయి. అంటే పుట్టుకతో కష్టమైన బిడ్డే దెబ్బకు ఎక్కువ దొరుకుతుంది, ఆ దెబ్బ ఆ బిడ్డను ఇంకా కష్టమైనదిగా చేస్తుంది.

మా ఊళ్లో అందరూ కొడతారు కాబట్టి ఇక్కడి పిల్లలు దాన్ని వేరేగా తీసుకోరు అనే వాదనకూ బలం ఉంది. జెన్నిఫర్ లాన్స్‌ఫర్డ్ బృందం 2005లో భారత్, చైనా, ఇటలీ, కెన్యా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్‌లలో 336 తల్లీబిడ్డల జతలను పోల్చింది. దెబ్బ మామూలైన సమాజాల్లో దాని చెరుపు తక్కువగా కనబడింది. తక్కువగానే గానీ, ఉంది. మేం బాగానే ఉన్నాం కదా అనేవాళ్ల అనుభవం అబద్ధం కాదని ఆ అధ్యయనం చెబుతుంది. దాన్నే దెబ్బకు ఇచ్చిన యోగ్యతాపత్రంగా తీసుకోవడమే పొరపాటు. దెబ్బ తినీ బాగుపడ్డవాళ్ల ఇళ్లలో సాధారణంగా ప్రేమా ఉంది, నిలకడా ఉంది. బాగు చేసింది అవేనేమో.

పోతన భాగవతాన్ని అంకితం పొందిన కోదండరాముడు ఇక్కడివాడేనని ఒంటిమిట్ట గట్టిగా నమ్ముతుంది. పోతనది వరంగల్లు ప్రాంతపు బమ్మెర అనే వాదం కూడా అంతే గట్టిది. ఎవరి పక్షమైనా, దశమ స్కంధంలోని ఉలూఖల బంధనం కథను ఈ విషయంలో ఒకసారి తలచుకోవచ్చు. వ్యాసుడి మూలంలో యశోద కర్ర పట్టుకుని పరుగెత్తి కొడుకును పట్టుకుంటుంది. బిడ్డ భయపడ్డాడని చూసి కర్ర పారేస్తుంది. కానీ వదిలేయదు. తాడు ప్రతిసారీ రెండు అంగుళాలు తక్కువవుతున్నా ఆమె తన పని ఆపదు. రోలుకు కట్టేయడం ఇప్పటి తల్లికి సలహా కాదు, పిల్లల వైద్యుడు వింటే ఊరుకోడు. కర్ర పారేసిన తర్వాత కూడా అనుకున్న హద్దు దగ్గర నిలబడటమే ఆ కథలో చూడదగినది. సౌమ్యత అంటే ఊరుకోవడం అనుకునేవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే.

బూచోడికి పట్టిస్తా, పోలీసోళ్లను పిలుస్తా, వదిలేసి పోతా అనే బెదిరింపులు దెబ్బకు బదులుగా వాడుతుంటారు. ఇవి దెబ్బ కంటే మెత్తనివి అనుకోవడం సరికాదు. అమ్మానాయనలు నిజంగానే దూరదేశంలో ఉన్న బిడ్డకు ‘వదిలేసి పోతా’ అన్న మాట ఉత్త బెదిరింపుగా వినబడదు.

నిలకడ చేతల్లో

మారాం నిజంగా ఎంతసేపు ఉంటుందో చాలామంది పెద్దలు ఎక్కువగా అంచనా వేస్తారు. మైఖేల్ పొటెగాల్, రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం 2003లో ఏడాదిన్నర నుంచి ఐదేళ్ల లోపు 335 మంది పిల్లల తల్లిదండ్రుల దగ్గర వివరాలు సేకరిస్తే, నాలుగింట మూడు వంతుల మారాములు ఐదు నిమిషాల్లోపే ముగిశాయి. కోపం మొదట్లోనే పైకెగసి పడిపోతుంది. దుఃఖం కింద పారుతూ ఉండి చివరికి అదే మిగులుతుంది. కోపం ఎగసినప్పుడు హితబోధ చెవికెక్కదు, అప్పుడు చేయవలసింది బిడ్డకు దెబ్బ తగలకుండా చూసుకుని దగ్గరుండటమే. దుఃఖం మిగిలినప్పుడు ఎత్తుకుంటే అది లొంగిపోవడం కాదు, ఎందుకంటే అడిగిన వస్తువు ఇవ్వలేదు. ఇక ఇవ్వకూడదని కొత్తగా నిర్ణయించుకున్న ఇంట్లో మొదటి రోజుల్లో ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. ఎండిన బోరును ఇంకా లోతుకు తవ్వినట్టే బిడ్డ ఇంకా గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలా ఇళ్లు ఈ దశలోనే ‘ఈ పద్ధతి మా వాడికి పని చేయదు’ అని వదిలేస్తాయి. సరిగ్గా అప్పుడు వదిలేస్తే బిడ్డ నేర్చుకునేది, ఇంతకు ముందుకన్నా గట్టిగా ఏడవాలని.

చేయకు అన్న మాట కంటే చెయ్యి అన్న మాట పసివాళ్లకు కష్టం. గ్రాజీనా కొహాన్స్కా 2001లో చూపినట్టు పద్నాలుగు నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలు ముట్టుకోవద్దంటే ఊరుకోవడం, బొమ్మలు తీసిపెట్టమంటే తీయడం కన్నా ముందు నేర్చుకుంటారు. కాబట్టి రెండేళ్ల బిడ్డ చెప్పిన పని మధ్యలో వదిలేస్తే అది పొగరు కాకపోవచ్చు, శక్తి చాలకపోవచ్చు. పక్కన కూర్చుని రెండు బొమ్మలు మనం వేస్తే మూడోది బిడ్డ వేస్తాడు. ఆమె మరో తేడా కూడా చూపింది. తల్లి చూస్తున్నంతసేపు మాట వినడం వేరు, తన ఇష్టంతో వినడం వేరు. రెండోది అధికారం ఎక్కువ చూపిన ఇళ్లలో కంటే తల్లీబిడ్డలు ఒకరికొకరు స్పందించుకునే ఇళ్లలో ఎక్కువగా కనబడింది.

సౌమ్య పద్ధతిని విమర్శించినవాళ్లలో గట్టివాడు ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ లార్జెలెరె. ఆయన బృందం వంద మందికి పైగా తల్లులను పసిపిల్లలతో జరిగిన గొడవల గురించి వివరంగా అడిగింది. గొణగడం, బేరమాడటం వంటి చిన్న పేచీలకు మధ్యేమార్గం, నచ్చజెప్పడం బాగా పనిచేశాయి. కొట్టే, ఎదురుతిరిగే పిల్లల విషయంలో మాత్రం పదేపదే రాజీపడితే కొన్ని నెలల్లో వాళ్ల తీరు ఇంకా చెడింది. వాళ్లకు కాసేపు పక్కన కూర్చోబెట్టడం, బొమ్మ తీసేయడం వంటి ఫలితం కూడా కావలసి వచ్చింది. దీన్ని సౌమ్యతకు ఎదురుదెబ్బగా చూడనక్కరలేదు. జేజిని కొట్టిన చేతిని పట్టుకుని ఆపి, ఆట నుంచి పక్కకు తీసుకుపోయి, అరవకుండా కూర్చోబెట్టడం కఠినత్వం కాదు. ప్రతిసారీ అదే జరిగితే బిడ్డకు అది ఊహించదగిన ఫలితం అవుతుంది. డయానా బామ్రిండ్ 1960ల నుంచి చెప్పినదీ ఇదే. అధికారం మాత్రమే చూపే పెంపకం, అన్నీ వదిలేసే పెంపకం రెండింటికంటే, ఆప్యాయతతో పాటు గట్టి అదుపు ఉన్న పెంపకంలో పిల్లలు మెరుగ్గా ఉన్నారు. ఇలాంటి పద్ధతిని తల్లిదండ్రులకు నేర్పవచ్చా అంటే నేర్పవచ్చు. ఇంగ్లండ్‌లో ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలున్న 300 కుటుంబాలతో జరిగిన ప్రయోగంలో ఇంటికి ఆరుసార్లు పోయి, తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, వాళ్లకే చూపిస్తూ మాట్లాడారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం పిల్లల దుడుకుతనం తగ్గింది.

దీనికి వ్యతిరేక దిక్కు నుంచి కూడా అభ్యంతరం ఉంది. ‘బిడ్డల శిక్షణ’ రాసిన చలం పిల్లల మీద పెద్దల పెత్తనాన్నే ప్రశ్నించాడు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల మీద నడిచే రిషి వ్యాలీ బడి శిక్షనూ బహుమతినీ రెండింటినీ పక్కన పెట్టింది. బహుమతి మీద వాళ్ల అనుమానానికి ఆధారం ఉంది. బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయిస్తే, ఆ తర్వాత వాళ్లంతట వాళ్లు గీయడం తగ్గిందని 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్‌లు చూపారు. అన్నం తింటే చాక్లెట్టు అనే ఇళ్లు దీన్ని పట్టించుకోవాలి. కానీ చలం, కృష్ణమూర్తుల స్వేచ్ఛ మాట తెలిసిన పిల్లలకు సరిపోయినంతగా రెండేళ్ల బిడ్డకు సరిపోదు. ఆ వయసులో హద్దు లేకపోవడం స్వేచ్ఛగా తోచదు, ఎక్కడ ఆగాలో తెలియక అలసటగా తోస్తుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోమనడం, ఎర్ర చొక్కానా నీలం చొక్కానా అని అడగడం, ఆ వయసుకు చాలినంత స్వేచ్ఛ.

హద్దు పెట్టే ముందు పరిస్థితిని సరిచేయడం చాలాసార్లు ఎక్కువ ఫలిస్తుంది. ఒంటిమిట్ట రాములవారి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ లాంఛనాలన్నీ ఇక్కడికే వచ్చాయి కాబట్టి జనం ఇంకా పెరిగారు. ఆ గుంపులో నిద్ర వేళ దాటి, ఆకలితో, కొత్త ముఖాల మధ్య ఉన్న మూడేళ్ల బిడ్డ బొమ్మల అంగడి ముందు నేలకు పడితే అది పెంపకం పరీక్ష కాదు. మధ్యాహ్నం పడుకోబెట్టి, కడుపు నిండా పెట్టి, బయలుదేరే ముందే ఒక్క బొమ్మ కొంటామని చెప్పి, అక్కడ ఆ ఒక్కటే కొంటే చాలావరకు గొడవ ఉండదు. చెప్పిన ఒక్కటీ కొనకపోవడం, చెప్పనివి మూడు కొనడం, రెండూ ఒకే నష్టం చేస్తాయి.

మొండితనం కానప్పుడు

మొండితనంగా కనబడేదంతా మొండితనం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63.2 మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైన పిల్లలు చిరాకుగా, జంకుగా, ఆటలో నిలవకుండా ఉంటారని బెట్సీ లోజాఫ్ వంటి పరిశోధకులు దశాబ్దాలుగా చూపుతున్నారు. అలాంటి బిడ్డకు ఇనుము చుక్కల మందే మొదటి పెంపకం సలహా. పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డకు వినికిడి పరీక్ష చేయించాలి. రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనని, వేలితో చూపని, కళ్లలోకి చూడని బిడ్డను మొండివాడు అని వదిలేయకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఎదుగుదలలో లోపం అనుమానిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మాట రాని బిడ్డ కోపం చాలాసార్లు మాట రాకపోవడం వల్ల వచ్చిన కోపమే.

అంగన్‌వాడీకి ఇందులో ఇంకా పెద్ద పాత్ర ఉండవలసింది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవలు మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటల చదువు చెబుతాయి. మొండితనం ముమ్మరంగా ఉండే ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య వాళ్లకు మాత్రం చాలాకాలం పోషకాహారం, బరువు తూయడం దాకానే అందాయి. 2024లో కేంద్రం విడుదల చేసిన ‘నవచేతన’ చట్రం మూడేళ్ల లోపు పిల్లలతో మాట, ఆట, ఆప్యాయత కోసం 140 పనులు సూచించింది. అవి ఇంటికి చేరేది టీచరు తల్లితో మాత్రమే మాట్లాడితే కాదు. ఆ పూట బిడ్డను ఎత్తుకుని వచ్చిన జేజితో, అబ్బతో కూడా మాట్లాడాలి.

పంతం గల బిడ్డ ఆ పంతాన్ని వదలడు, దాన్ని వాడే తీరు మారుతుంది. కుచిన్స్కీ, కొహాన్స్కాలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే పిల్లల్ని పసితనంలోనూ ఐదేళ్లప్పుడూ చూశారు. ముఖం మీదే వద్దనడం, పట్టనట్టు ఊరుకోవడం ఐదేళ్లకు తగ్గాయి, బేరమాడటం పెరిగింది. పసితనంలో సూటిగా ఎదురు నిలిచినవాళ్లే తర్వాత కూడా ఎదురు చెప్పారు, కాకపోతే మాటల్లో చెప్పారు. నేలమీద పడి దొర్లే రెండేళ్లవాడితో నెగ్గిన ఇల్లు, అదే బిడ్డ ఐదేళ్లకు ‘ఈ రోజు ఒక్కసారే, రేపు అడగను’ అని బేరానికి దిగితే ఎక్కడ తగ్గాలో, ఎక్కడ తగ్గకూడదో మళ్లీ కూర్చుని తేల్చుకోవాల్సిందే.